పెనానికి కొటేషన్

బ్యాంకుల మూడు పేర్లు చెప్పిండ్రు.
యాభై వేల లోపైతే శిశువంట,
ఐదు లక్షల లోపైతే కిశోరంట,
ఆపైన తరుణంట.
"నీదేందమ్మా?" అన్నడు అద్దం ఎనక పిలగాడు.
యాభై రెండేండ్లు నాకు. మోకాళ్ల నొప్పి.
"ఏది దొరికితె అది రాయి బిడ్డా,
శిశువైనా సరే" అన్న.
లైన్ల ఉన్నోళ్లు నవ్విండ్రు. నేను గూడ.

బాదేపల్లి గంజ్ గేటుకాడ
ఇరవై ఏండ్ల సంది రొట్టెలు కొడుతున్న.
ఒక తోపుడు బండి, ఒక గొడుగు, మూడు రాళ్లు.
పల్లికాయ దిగే దినాలల్ల నాలుగొందల రొట్టె,
పల్లికాయ లేకుంటె నూటయాభై.
ఇది నోటి లెక్క.
కాయితం లెక్క వేరే ఉంటదని
జిరాక్సు దుకాణం శ్రీశైలం
ఐదొందలు తీసుకొని ప్రాజెక్టు రిపోర్టు చేసిండు.
కిశోరుల పెట్టిండు నన్ను.
అండ్ల నేను, చాకలి మన్నెమ్మను,
"ఆహార రంగంలో అనుభవం గల మహిళా వ్యవస్థాపకురాలు".
రెండుసార్లు చదివించుకొని విన్న.
ఎవరో పెద్దింటామె అనిపించింది.
పాపం, ఆమెకు లోను ఇయ్యాలె అనిపించింది.

కొటేషన్లు తెమ్మన్నరు.
గ్రైండరుకు తెచ్చిన, బల్లలకు తెచ్చిన,
ఫ్రిజ్జుకు షాపోడు రంగుల కాయితమే ఇచ్చిండు.
పెనం కాడ ఆగింది.
నా పెనం చేసేది కమ్మరి మోనయ్య.
"జీఎస్టీ నంబరు ఉన్నదా?" అంటె
సుత్తె కింద పెట్టి నా మొకం చూసిండు.
"మా నాయిన పేరున్నది, రాసుకపో" అన్నడు.
గా ఒక్క కాయితం కోసం
ఐదు వారాలు నా హోటలు
బ్యాంకు అలమార్ల పండుకున్నది.

షూరిటీ అక్కరలేదని గోడ మీద రాసుంది.
ఆ గోడ కిందనే కూసోని
"షూరిటీ ఎవరమ్మా?" అన్నడు మేనేజరు సారు.
నేను గోడ దిక్కు చూసిన.
ఆయన చూడలే.

ఆఖరు దినం ఏలు పెట్టమన్నరు.
ఎర్ర లైటు. పెట్టిన. పడలే.
కొంగుకు తుడిచి పెట్టిన. పడలే.
ఎడమ చెయ్యి, బొటనేలు, ఉంగరం ఏలు.
"గీతలు అరిగిపోయినయమ్మా నీకు" అన్నడు పిలగాడు.
ఏదో దొంగతనం చేసినట్టు
చేతులు కొంగుల దాసుకున్న.
ముద్ర లోనుకు ముద్ర పడలే.

యాడ పోయినయి గీతలు?
రొట్టెకింత, రొట్టెకింత పోయినట్టుంది.
హమాలి కుర్మయ్య కడుపుల కొన్ని,
బిల్లు కట్టకుండ పోయిన డ్రైవర్ల కాడ కొన్ని,
పల్లి బస్తాల లారెక్కి రాయచూరు దాక కొన్ని.
ఆధారు నాది,
గంజ్ మొత్తం నమిలి మింగింది.

ఆఖరుకు కండ్లు చూపియ్యమన్నరు.
కండ్లు దొరికినయి.
పొగకు దినాం కడుక్కున్న కండ్లు గద, దొరకయా.

మూడు లక్షలడిగితె లక్షా ఎనభై.
షట్టరు కిరాయికి దొరికింది,
బోర్డు రాసిన ఖాజా నా పేరు పెద్దగ రాసి
కింద బ్యాంకు పేరు నిమ్మగింజంత రాసిండు.
"బ్యాంకోళ్లది పెద్దగుండాలెనేమో" అన్న.
"రొట్టె వాళ్లు కొడుతరా?" అన్నడు.

నిన్న ఫీల్డు సారు వచ్చిండు లెక్క చూడనీకె.
గ్రైండరు ఉన్నది, టిక్కు.
బల్లలు ఆరు, టిక్కు.
ఫ్రిజ్జు తలుపు తీసి లోపల గూడ చూసిండు,
సగం కోసిన నిమ్మకాయ, టిక్కు.
పెనం పక్కకెల్లే పోయిండు.
పెనం లిస్టుల లేదు.
చిట్టీ ఎత్తి మోనయ్యకిచ్చి నేను చేయించుకున్నది అది.

నెలకు మూడు వేల తొమ్మిదొందల పది,
ఐదో తారీఖు, ఐదేండ్లు.
గ్రైండరు కట్టదు. బల్లలు కట్టయి.
లిస్టుల లేనిదే కట్టాలె.

రేపు ఐదో తారీఖు.
పల్లికాయ ఇంక దిగలే గంజ్ కు.
మబ్బుల్నే లేచి పిండి జర తక్కువ జల్లించిన.
పెనం మీద నీళ్లు చిలకరిస్తె
చుర్రుమన్నది.
ఎవరో చెప్పులిడిచిన సప్పుడైతుంది బయట.